ట్రైజాల్ రివ్యూ: ఆర్ఎన్ఏ, వైరాలజీ, ఇమ్యునాలజీ మూడు ల్యాబుల్లోనూ వాడిన గులాబీ రంగు సీసా

కొత్తగా పీహెచ్‌డీలో చేరిన పిల్లలు ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే, "ఆర్ఎన్ఏ తీయడానికి ట్రైజాల్ కొనమంటారా, కాలమ్ కిట్ కొనమంటారా?" అని. ట్రైజాల్ అంటే కణాల్ని పగలగొట్టి ఆర్ఎన్ఏ బయటికి తీసే ద్రావణం, కాలమ్ కిట్ అంటే ఆర్ఎన్ఏని చిన్న సిలికా గొట్టంలో పట్టి కడిగే రెడీమేడ్ సెట్. ఒక్కొక్కళ్లకి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. నేను పీహెచ్‌డీ చేసింది ఆర్ఎన్ఏ బయాలజీలో, ఒక ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి సూచన మోసుకెళ్లే ఆర్ఎన్ఏ) కణంలో ఎంతసేపు బతుకుతుంది, దాన్ని ఏ ఎంజైమ్ ఎప్పుడు ముక్కలు చేస్తుంది అన్నదాని మీద. పోస్ట్‌డాక్ వైరాలజీలో. ఇప్పుడు ఉన్నది ఇమ్యునాలజీ ల్యాబ్‌లో. టాపిక్ మారింది, గైడ్లు మారారు, కణాలు మారాయి, మెషీన్లు మారాయి, ఫ్రిజ్‌లో ఉండే గులాబీ ద్రవం ఉన్న ఈ ముదురు రంగు సీసా మాత్రం మూడు చోట్లా ఉంది. ఒక కెరీర్ అంతా వాడాక రాస్తున్న రివ్యూ అనుకోండి.

తీర్పు ముందే చెప్పేస్తా. కొనండి. కాకపోతే ఏ పనికి కొంటున్నారో తెలిసి కొనండి, ఎందుకంటే ఇది మీ చేతికిచ్చే ఆర్ఎన్ఏ గురించి అందరూ మాట్లాడతారు గానీ ట్యూబ్‌లో వదిలేసే ఆర్ఎన్ఏ గురించి ఎవరూ చెప్పరు, తర్వాత మీ డేటాలో వచ్చే సగం తలనొప్పులు ఆ వదిలేసిన దాని దగ్గరే మొదలవుతాయి.

అసలు ఇందులో ఏముంది? ముఖ్యంగా రెండే. గ్వానిడినియం థయోసయనేట్ అనే ఉప్పు, ఆమ్ల గుణంలో ఉంచిన ఫినాల్. ఆ గులాబీ రంగు కేవలం లేయర్లు కంటికి తెలియడానికి కలిపిన డై. గ్వానిడినియం పని ప్రోటీన్ల మడతలు విప్పేయడం, అంటే కణం పగిలిన క్షణంలోనే లోపలున్న ఆర్ఎన్ఏస్‌లు, అంటే ఆర్ఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్‌లు, అన్నీ చచ్చుబడిపోతాయి. ఈ ఆర్ఎన్ఏస్‌లు ఎంత మొండివో తెలియాలంటే ఆర్ఎన్ఏస్ ఏ సంగతి చూడండి, చిన్న ప్రోటీన్, నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, మరిగించి చల్లార్చితే మళ్లీ తనంతట తనే మడత పెట్టుకుని పని మొదలెట్టేస్తుంది. క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ ప్రోటీన్ మడతల మీద చేసిన ప్రయోగాలకి ఎంచుకున్నది దీన్నే, ఆ పనికే 1972లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది. మన చర్మం మీద, చెమటలో, దుమ్ములో ఎక్కడ చూసినా ఆర్ఎన్ఏస్‌లే. ఇక ఆర్ఎన్ఏ చూస్తే, రైబోస్‌లో రెండో కార్బన్ మీదున్న ఆ ఒక్క హైడ్రాక్సిల్ వల్ల కాస్త క్షార గుణం తగిలినా దానంతట అదే తెగిపోతుంది. ఇంత బలహీనమైన దాన్ని అంత మొండి శత్రువు ముందు నుంచి చెక్కుచెదరకుండా బయటికి తేవాలి, అదీ ఈ సీసా పని.

ఇది రాకముందు ఎలా చేసేవాళ్లో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. 1979లో చిర్గ్విన్, సహచరులు గ్వానిడినియం థయోసయనేట్‌తో ఆర్ఎన్ఏస్ నిండుగా ఉండే పాంక్రియాస్ నుంచి కూడా మంచి ఆర్ఎన్ఏ తీయొచ్చని చూపించారు. కానీ తర్వాత సీజియం క్లోరైడ్ మీద అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో గంటల తరబడి తిప్పాలి, రోటర్‌లో ఎన్ని ట్యూబులు పడితే అన్ని శాంపిల్సే. 1987లో పియోటర్ ఖోమ్‌చిన్‌స్కీ, నికొలెట్టా సాక్కీ కలిసి అనలిటికల్ బయోకెమిస్ట్రీలో వేసిన చిన్న పేపర్‌లో ఈ గ్వానిడినియాన్ని, ఆమ్ల ఫినాల్‌ని, క్లోరోఫామ్‌ని ఒకే ట్యూబ్‌లో కలిపేశారు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు, ఒక పూటలో అయిపోతుంది, ఒకేసారి ఇరవై నాలుగు ట్యూబులు పెట్టుకోవచ్చు. 2014లో నేచర్ పత్రిక అప్పటిదాకా ఎక్కువ సైట్ అయిన 100 పేపర్ల లిస్టు వేస్తే ఈ పేపర్ 5వ స్థానంలో ఉంది. డీఎన్ఏ నిర్మాణం పేపర్ కూడా ఆ వందలో లేదు. ట్రైజాల్, ట్రై రీఏజెంట్, ఇంకా వేరే పేర్లతో అమ్మేవి చాలావరకు ఆ పద్ధతి నుంచి వచ్చినవే.

ఇక వాడకం. నాకు ఇందులో బాగా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఎంఆర్ఎన్ఏ అరుగుదల కొలిచేటప్పుడు ఆక్టినోమైసిన్ డి వేసి కొత్త ఆర్ఎన్ఏ తయారీ ఆపేస్తాం, అక్కడి నుంచి నిమిషాలు లెక్కపెడుతూ శాంపిల్స్ తీస్తాం. కొన్ని ఎంఆర్ఎన్ఏలకి హాఫ్ లైఫ్ (సగానికి తగ్గడానికి పట్టే సమయం) అరగంట కూడా ఉండదు. అలాంటప్పుడు కణాలని ట్రిప్సిన్‌తో ఊడదీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి, అప్పుడు లైసిస్ (కణాల్ని పగలగొట్టడం) చేద్దామంటే మనం కొలుస్తున్నది ఆ నిమిషపు కణాన్నా, ఊడదీయడంతో ఒత్తిడికి గురైన కణాన్నా అన్నదే తెలియదు. ట్రైజాల్ అయితే మీడియం తీసేసి నేరుగా ప్లేట్ మీద పోసేయడమే. పోసిన క్షణానికి కణం ఏ స్థితిలో ఉందో అక్కడే ఆగిపోతుంది. కణాలు జారిపోయి జిగటగా తీగలు సాగడం కంటికే కనిపిస్తుంది, అది డీఎన్ఏ, పిపెట్‌తో పైకీ కిందకీ బాగా లాగితే ఆ జిగట పోతుంది. టైమ్ పాయింట్లు దగ్గర దగ్గరగా ఉన్న ప్రయోగానికి దీన్ని మించింది నేనైతే చూడలేదు, పైగా అలాగే -80లో పెట్టేసి మిగతా శాంపిల్స్ అన్నీ అయ్యాక ఒకేసారి తీసుకోవచ్చు.

తర్వాత 1 ఎంఎల్ ట్రైజాల్‌కి 0.2 ఎంఎల్ క్లోరోఫామ్, గట్టిగా ఒక పదిహేను సెకన్లు ఊపడం, రెండు మూడు నిమిషాలు వదిలేసి సెంట్రిఫ్యూజ్‌లో 12,000 జి దగ్గర 4 డిగ్రీల్లో 15 నిమిషాలు. తీసి చూస్తే కింద గులాబీ ఎరుపు, మధ్యలో తెల్లటి పొర, పైన రంగులేని నీళ్లు. ఆ పైదాంట్లోనే ఆర్ఎన్ఏ. డీఎన్ఏ మధ్య పొరలోకి, ఫినాల్‌లోకి పోతుంది, ఫినాల్ ఆమ్లంగా ఉండటం వల్లే అలా జరుగుతుంది. డీఎన్ఏ కోసం అమ్మే పీహెచ్ 8 ఫినాల్ సీసా పొరపాటున చేతికొచ్చిందంటే డీఎన్ఏ కూడా పైకే వచ్చి కూర్చుంటుంది. మొత్తం కథ ఈ పైపొర తీయడం దగ్గరే ఉంది. అందరూ చివరి చుక్క దాకా లాగాలని చూస్తారు, ఇంకో యాభై మైక్రోలీటర్లు వస్తే ఎక్కువ ఆర్ఎన్ఏ వస్తుంది కదా అని. వద్దు. ట్యూబ్‌ని 45 డిగ్రీలు వంచి, పైనుంచి మెల్లగా తీస్తూ, తెల్లపొర దగ్గరకి రాకముందే ఆపేయండి. అక్కడ వదిలేసే ఆ కాస్త ఆర్ఎన్ఏ కన్నా దాంతోపాటు వచ్చే డీఎన్ఏ, ఫినాల్ చేసే నష్టం చాలా ఎక్కువ. ఎంత జాగ్రత్తగా తీసినా కొంచెం డీఎన్ఏ వస్తూనే ఉంటుంది కాబట్టి క్యూపీసీఆర్‌కి (ఆర్ఎన్ఏ ఎంత ఉందో కొలిచే పద్ధతి) వెళ్లేవాళ్లు డీఎన్ఏస్ (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్) ట్రీట్‌మెంట్, ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ వేయని కంట్రోల్ రెండూ మానొద్దు.

ఐసోప్రొపనాల్ వేసి తిప్పాక పెల్లెట్ (అడుగున చేరిన ఆర్ఎన్ఏ) చాలాసార్లు కనిపించదు. దీనికి నేను అందరికీ చెప్పే చిట్కా, ట్యూబ్ మూత కీలు ఎప్పుడూ రోటర్ బయటివైపు ఉండేలా పెట్టండి, అప్పుడు పెల్లెట్ కనపడకపోయినా కీలు కింద గోడకే అంటుకుని ఉందని తెలుస్తుంది, పిపెట్ టిప్ దానికి ఎదురు గోడ మీద పెట్టి లాగొచ్చు. 75 శాతం ఇథనాల్‌తో ఒకసారి కాకుండా రెండుసార్లు కడగండి. ఆరబెట్టడం మాత్రం అతి చేయొద్దు, గలగలా ఎండిపోయిందంటే నీళ్లలో కరగదు, 55 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పెట్టి బతిమాలాల్సి వస్తుంది. అంచుల్లో తడి పోయి పెల్లెట్ తెల్లగా ఉన్నది కాస్త పారదర్శకంగా మారుతుంటే చాలు, నీళ్లు వేసేయండి.

నానోడ్రాప్ (వెలుగు పీల్చుకోవడాన్ని బట్టి ఆర్ఎన్ఏ ఎంతుందో చెప్పే యంత్రం) మీద నంబర్ చూసి మురిసిపోయేవాళ్లకి ఒక మాట. 260/280, అంటే 260, 280 నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న వెలుగు నిష్పత్తి, రెండు దగ్గర వచ్చిందంటే ప్రోటీన్ పెద్దగా లేదనే, అంతకు మించి ఏమీ కాదు. గ్వానిడినియం 230 దగ్గర పట్టుబడుతుంది, కాబట్టి 260/230 కూడా రెండు చుట్టుపక్కల ఉండాలి. ఫినాల్ ఇంకా మోసకారి, అది 270 దగ్గర వెలుగుని పీల్చుకుంటుంది, దాంతో 260 నంబర్ కూడా పెరిగి మీకు లేని ఆర్ఎన్ఏ ఉన్నట్టు చూపిస్తుంది. నంబర్ కాకుండా గీత ఆకారం చూడండి, శిఖరం 260 నుంచి కుడివైపు జరిగి ఉంటే అది ఫినాల్. ఆర్ఎన్ఏ తెగిందో లేదో నానోడ్రాప్‌కి అసలు తెలియదు, దానికి జెల్ మీద రైబోజోమ్ ఆర్ఎన్ఏల 28ఎస్, 18ఎస్ బ్యాండ్లు చూడాలి, లేదా బయోఎనలైజర్‌లో 1 నుంచి 10 దాకా ఇచ్చే ఆర్ఐఎన్ స్కోర్ (10 అంటే చెక్కుచెదరనిది).

ఇప్పుడు మొదట్లో చెప్పిన "వదిలేసే ఆర్ఎన్ఏ" సంగతి. మైక్రోఆర్ఎన్ఏ (జీన్లని అదుపుచేసే చాలా చిన్న ఆర్ఎన్ఏ) పని చేసేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. దక్షిణ కొరియాలో వి. నారీ కిమ్ ల్యాబ్ 2011లో మాలిక్యులర్ సెల్‌లో ఒక పేపర్ వేసింది, కణాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయా విడిపోయాయా అన్నదాన్ని బట్టి మిఆర్-141 లాంటి మైక్రోఆర్ఎన్ఏలు త్వరగా అరిగిపోతున్నాయని. తర్వాత వాళ్లే తవ్వి చూస్తే అసలు అరుగుదల కాదు, కణాలు తక్కువగా ఉన్న శాంపిల్స్‌లో జీసీ శాతం తక్కువగా ఉండి తమలో తాము మడతపడే చిన్న ఆర్ఎన్ఏలు ట్రైజాల్ పద్ధతిలో పెల్లెట్ అవ్వకుండా పోతున్నాయి. 2012లో ఆ సంగతి వాళ్లే అదే పత్రికలో రాసి, పాత పేపర్ వెనక్కి తీసుకున్నారు. మైక్రోఆర్ఎన్ఏ రంగంలో అంత పేరున్న ల్యాబ్ అలా నిలబడి చెప్పడం వల్ల ఎంతమంది తప్పుదారి పట్టకుండా ఆగారో, నాకు ఆ ల్యాబ్ అంటే ఆ ఒక్క పనికే చాలా గౌరవం. ఇందులో మనం నేర్చుకోవాల్సింది పూర్తిగా ప్రాక్టికల్. పోల్చే శాంపిల్స్ అన్నిట్లో కణాల సంఖ్య ఒకేలా ఉంచండి. తక్కువ ఉన్నవాటికి గ్లైకోజెన్ లాంటి క్యారియర్ (ఆర్ఎన్ఏ కిందకి దిగడానికి తోడుపడేది) వేయండి, వేస్తే అన్నిటికీ వేయండి. అన్నిట్లో ఒకే మోతాదులో బయటి సింథటిక్ ఆర్ఎన్ఏ ఒకటి స్పైక్ చేస్తే (కావాలని కలిపితే) ఏ ట్యూబ్‌లో పని చెడిందో పట్టుబడుతుంది, కాకపోతే ఆ స్పైక్ కూడా మీరు వెతికే ఆర్ఎన్ఏ లాంటిదే అయి ఉండాలి.

వైరాలజీకి వచ్చాక ఈ సీసా విలువ నాకు రెట్టింపైంది. కణం పగలగొట్టే అదే కెమిస్ట్రీ వైరస్ పైపొరని, ప్రోటీన్లని కూడా విప్పేస్తుంది, అందుకే ప్రమాదకర వైరస్‌లతో పనిచేసే హై కంటైన్‌మెంట్ ల్యాబుల్లో శాంపిల్‌ని నిర్వీర్యం చేసి బయటికి తేవడానికి చాలామంది వాడేది ఇలాంటి రీఏజెంట్లే. అయితే మీ బయోసేఫ్టీ కమిటీ ఏ మోతాదు, ఎంతసేపు అని పరీక్షించి ఒప్పుకుందో అదే పాటించాలి, సొంత లెక్కలు పనికిరావు. సీరమ్, కల్చర్ సూపర్‌నేటంట్ లాంటి ద్రవాలకి మామూలు ట్రైజాల్ పోస్తే పలచబడిపోయి పనిచేయదు, వాటికి గాఢత ఎక్కువున్న ఎల్ఎస్ రకం ఉంది, ఒక వంతు శాంపిల్‌కి మూడు వంతులు.

ఇక్కడే చాలామందికి తెలియనిది ఒకటి చెప్పాలి. వైరస్ చచ్చింది కాబట్టి అందులోంచి తీసిన ఆర్ఎన్ఏ కూడా ఏం చేయలేదు అనుకుంటారు. డెంగ్యూ, పోలియో, కరోనా లాంటి పాజిటివ్ స్ట్రాండ్ వైరస్‌ల జీనోమ్ నేరుగా ఎంఆర్ఎన్ఏలాగే పనిచేస్తుంది, చెక్కుచెదరని ఆ ఆర్ఎన్ఏని ట్రాన్స్‌ఫెక్షన్‌తో కణంలోకి పంపితే కొత్త వైరస్ పుడుతుంది. ఇది కొత్త సంగతేం కాదు, 1956లో ట్యూబింగెన్‌లో గీరర్, ష్రామ్ ఇద్దరూ పొగాకు మొజాయిక్ వైరస్‌ని ఫినాల్‌తో శుభ్రం చేసి ప్రోటీన్ తీసేసిన ఆర్ఎన్ఏ ఒక్కటే ఆకులకి జబ్బు తెప్పిస్తుందని చూపించారు. వంశసమాచారం ఆర్ఎన్ఏలో కూడా ఉండొచ్చని తేలింది అక్కడే, ఆ పనికి వాడింది ఈ ఫినాల్‌నే. కాబట్టి తీసిన ట్యూబ్‌ని ఎక్కడ పెడుతున్నారు, ఎవరికి ఇస్తున్నారు అన్నది రికార్డులో ఉండాలి.

వైరల్ లోడ్ కొలిచేవాళ్లకి ఇంకోటి. మిగిలిపోయిన ఫినాల్, గ్వానిడినియం, ఇథనాల్ ఇవన్నీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్‌కి అడ్డం పడతాయి. ఫలితం, వైరస్ ఉన్న శాంపిల్ కూడా తక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, మీరేమో మందు పనిచేసిందని సంబరపడతారు. పరీక్ష చాలా తేలిక. ఆర్ఎన్ఏని పదింతలు పలచన చేసి మళ్లీ నడపండి, సీటీ (క్యూపీసీఆర్‌లో సిగ్నల్ కనిపించడానికి పట్టే సైకిళ్ల సంఖ్య) దాదాపు 3.3 పెరగాలి. దానికన్నా బాగా తక్కువ పెరిగితే, లేదా తగ్గితే, అడ్డుపడేది ఏదో ట్యూబ్‌లో ఉంది.

ఇమ్యునాలజీలో మాత్రం దీనికి నేను అంత మార్కులు వేయను. విశ్రాంతిలో ఉన్న టీ కణం (ఒక రకం రోగనిరోధక కణం) చిన్నది, మనం కల్చర్లో పెంచే పెద్ద కణాలతో పోలిస్తే అందులో ఆర్ఎన్ఏ చాలా తక్కువ. ఫ్లో సైటోమీటర్‌లో వేరు చేసిన కొన్ని వేల కణాలతో ఐసోప్రొపనాల్ పెల్లెట్ అంటే నమ్మకం పెట్టుకోలేం, అక్కడ చిన్న వాల్యూమ్‌లో తీసే మైక్రో కాలమ్ మేలు. ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఉన్న శాంపిల్స్ ఇంకా కష్టం, వాటి గ్రాన్యూల్స్‌లోనే ఆర్ఎన్ఏస్ కుటుంబం ప్రోటీన్లు ఉంటాయి, ఆర్ఎన్ఏస్ 2, ఆర్ఎన్ఏస్ 3. అలాంటివాటికి కణాలు ట్రైజాల్‌లో ఎంత త్వరగా మునిగితే అంత మంచిది.

అన్నిటికన్నా ముఖ్యంగా, తయారుచేసిన ఆర్ఎన్ఏని డెండ్రిటిక్ కణాలకి (రోగనిరోధక కణాల్లో ఒక రకం) ఇచ్చి ఇంటర్ఫెరాన్ (వైరస్ వచ్చిందని హెచ్చరించే ప్రోటీన్) వస్తుందా లేదా చూసే ప్రయోగాలకి ఇది చాలదు. టెస్ట్‌ట్యూబ్‌లో టీ7 ఎంజైమ్‌తో ఎంఆర్ఎన్ఏ చేస్తే పక్కనే కొంచెం డబుల్ స్ట్రాండ్ ఆర్ఎన్ఏ కూడా తయారవుతుంది, కణంలో టీఎల్ఆర్3, రిగ్-ఐ, ఎండీఏ5 లాంటి కాపలాదార్లు దాన్ని చూసి వైరస్ వచ్చిందని కేకపెడతాయి. ట్రైజాల్‌కి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు, రెండూ పైపొరలోకే వస్తాయి. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో సూడోయూరిడిన్ లాంటి మారిన అక్షరాలు వాడి చేసిన ఆర్ఎన్ఏ ఈ కాపలాదార్లని రెచ్చగొట్టదని చూపించారు, 2023 నోబెల్ వచ్చింది ఈ కనుగోలుకే. కానీ వాళ్ల బృందమే 2011లో చూపించిన ఇంకో సంగతి, హెచ్‌పీఎల్‌సీ అనే, అణువుల్ని వేరుచేసే పద్ధతితో ఆ డబుల్ స్ట్రాండ్ చెత్త తీసేస్తే ఇమ్యూన్ స్పందన ఇంకా పడిపోయి ప్రోటీన్ ఉత్పత్తి బాగా పెరుగుతుందని. ఆర్ఎన్ఏ బయాలజీ వాళ్లకి శుభ్రత అంటే ప్రోటీన్, డీఎన్ఏ లేకపోవడం. ఇమ్యునాలజీకి వస్తే శుభ్రత అంటే ఏమిటో తీర్పు చెప్పేది కణం, మన నానోడ్రాప్ కాదు. మూడు రంగాలు తిరగడం వల్ల నాకు కలిగిన పెద్ద లాభం ఈ ఒక్క తేడా అర్థమవ్వడమే అంటాను.

కాలమ్ కిట్లు కూడా లోపల చూస్తే దగ్గరి చుట్టాలే, 1990లో బూమ్ బృందం గ్వానిడినియం సమక్షంలో న్యూక్లిక్ యాసిడ్ సిలికాకి అతుక్కుంటుందని చూపించిన పద్ధతి నుంచి వచ్చినవి. వేగం, ఫినాల్ వాసన లేకపోవడం, అందరి చేతిలో ఒకేలా రావడం వాటి ప్లస్సులు. మామూలు కాలమ్‌లు 200 న్యూక్లియోటైడ్ల కన్నా చిన్నవాటిని చాలావరకు జార్చేస్తాయి, అది మైనస్. కొవ్వు, మెదడు, గట్టి కణజాలం అయితే ట్రైజాలే. నేను ఇప్పుడు ఎక్కువగా చేసేది రెండూ కలిపి, ట్రైజాల్‌లో లైసిస్, క్లోరోఫామ్‌తో పైపొర తీసి, దాన్ని ఇథనాల్‌తో కాలమ్‌లోకి, కాలమ్ మీదే డీఎన్ఏస్. కొత్తవాళ్లు మొదట ఇది చేయండి, ఐసోప్రొపనాల్ దారి కూడా పక్కన నేర్చుకోండి, ఎందుకంటే కిట్లు దొరకని రోజులు ఉంటాయని 2020లో అందరం చూశాం.

భద్రత విషయంలో మొహమాటం లేకుండా చెప్తున్నా. ఫినాల్ చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, ఎందుకంటే అది తిమ్మిరి పట్టిస్తుంది, తెలిసేసరికి కాలి ఉంటుంది. ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, రెండు జతల గ్లవ్స్, మీద పడగానే ఆ గ్లవ్స్ మార్చడం. పాలీస్టైరీన్ ట్యూబులు, పిపెట్లు వాడొద్దు, క్లోరోఫామ్ కరిగించేస్తుంది, పాలీప్రొపైలీన్ మాత్రమే. వైరస్ పని చేసేవాళ్లకి చేతికి అలవాటైన బ్లీచ్ ఉంటుంది చూడండి, అది ట్రైజాల్ దగ్గరకి కూడా తీసుకురావొద్దు, గ్వానిడినియం థయోసయనేట్‌తో బ్లీచ్ కలిస్తే విషవాయువులు వస్తాయి. ట్రైజాల్ వేస్ట్‌కి వేరే సీసా పెట్టి, మీద పెద్ద అక్షరాలతో "బ్లీచ్ పోయొద్దు" అని రాసి, హుడ్ లోపలే ఉంచండి, ట్యూబులు బయటికి తెచ్చేటప్పుడు పైన తుడిచేది ఏ ద్రావణమో కూడా ముందే కనుక్కుని అది అక్కడే పెట్టుకోండి.